ఆర్‌సీ పడవకి నీటి రాకెట్ బిగించడం ఎలా

ఆర్‌సీ పడవ, అంటే రిమోట్‌తో నడిచే బొమ్మ పడవ, ఆడించే ప్రతి కుర్రాడూ ఏదో ఒక రోజు అడిగేది ఇదే: "అన్నా, దీనికి రాకెట్ పెడితే?" కాలేజీ ప్రాజెక్టు కోసమని కొందరు అడుగుతారు, దీపావళికి వారం ముందు మరికొందరు అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి విసుగొచ్చింది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ఇక్కడ బాణసంచా మందు లేదు, మంట లేదు. తారాజువ్వని పడవకి కట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మానేయండి. అంటించాక దాన్ని ఆపలేరు. పడవ ఒక అలకి తిరిగిందంటే అది గట్టు మీద నిలబడ్డ పిల్లల వైపే వస్తుంది. ఇంట్లో మందు కలిపితే 1884 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ చట్టం అడ్డు వస్తుంది. చట్టం సంగతి అటుంచినా, వేళ్ళు పోతే మళ్ళీ రావు. మనం వాడేది కూల్‌డ్రింక్ బాటిల్, నీళ్ళు, సైకిల్ పంపు గాలి. సూత్రం రాకెట్‌దే: బరువున్న దాన్ని వేగంగా వెనక్కి చిమ్మితే పడవ ముందుకి పోతుంది. పైగా దీన్ని మధ్యలో ఆపొచ్చు.

నేను మొదటిసారి చేసిన తప్పు చెబుతాను, మీరు చేయకండి. 2 లీటర్ల బాటిల్‌కి 30 పీఎస్‌ఐ (టైర్లలో గాలి ఒత్తిడి కొలిచే లెక్క) గాలి కొట్టి మూతి మొత్తం ఒకేసారి తెరిచాను. ఆ మూతి లోపలి వెడల్పు దాదాపు 22 ఎంఎం. లెక్క ప్రకారం మొదటి క్షణంలో పడే తోపుడు 16 కిలోల దాకా ఉంటుంది. నీళ్ళన్నీ సెకనులో పదో వంతులో అయిపోతాయి. పడవ ముందుకి పోలేదు, గాల్లోకి లేచి బోర్లా పడింది. స్టీరింగ్ స్టిక్ మీద నా వేలు కదిలేలోపే ఆట ముగిసింది. అంటే తోపుడు తెప్పించడం కష్టం కాదు, దాన్ని నెమ్మదిగా సాగదీయడమే అసలు పని. ఇప్పుడు చెప్పబోయేదంతా దాని కోసమే.

కావలసినవి

బాటిల్: 2 లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్, దాని సొంత మూతతో సహా. అడుగున ఐదు కాళ్ళలాంటి బుడిపెలు ఉండాలి. మంచినీళ్ళ బాటిల్ వద్దే వద్దు. అది ఒత్తిడి కోసం చేసింది కాదు, పల్చగా ఉంటుంది. మూతల్లో పొడుగు మెడవీ పొట్టి మెడవీ ఉంటాయి. ఒకదాని మూత ఇంకోదానికి పడుతున్నట్టే అనిపిస్తుంది కానీ మరలు సరిగ్గా పట్టవు.

వాల్వు, గొట్టం: వాటర్ ప్యూరిఫయర్ రిపేరు సామాన్ల షాపులో పావు అంగుళం ఆర్‌ఓ ట్యూబు ఒక మీటరు, అదే సైజు బాల్ వాల్వు ఒకటి, డబ్బాకి బిగించే బల్క్‌హెడ్ కనెక్టర్ ఒకటి అడగండి. బాటిల్ మూతకి రంధ్రం చేసి ఈ కనెక్టర్‌ని బిగిస్తాం, ట్యూబు దానికి తగులుతుంది. ఆర్‌ఓ ట్యూబు లోపలి రంధ్రం దాదాపు 4 ఎంఎం ఉంటుంది. మన నాజిల్‌కి, అంటే నీళ్ళు చిమ్మే కొసకి, అదే సరైన కొలత. షాపుకి వెళ్ళేటప్పుడు ఒక పాత బాటిల్ మెడ కోసి జేబులో వేసుకోండి. కనెక్టర్‌లో మూత లోపలికి వచ్చే భాగం ఆ మెడలో పడుతుందో లేదో అక్కడే చూసుకోవచ్చు. పట్టనిది కొని రెండోసారి తిరిగే పని తప్పుతుంది.

కనెక్టర్ దొరక్కపోతే ఆటోనగర్ దారి ఉంది. టైర్ల షాపులో కారు ట్యూబ్‌లెస్ వాల్వు కొనండి. మూతకి 11.5 ఎంఎం రంధ్రం చేసి లోపలి నుంచి బయటికి లాగితే రబ్బరు దానంతట అదే బిగుసుకుంటుంది, లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా పడుతుంది. లోపలి పిన్ను తీసేసి, పైన 6 ఎంఎం పెట్రోల్ పైపు తొడిగి క్లిప్పు వేయాలి. దీని రంధ్రం సన్నం కాబట్టి తోపుడు కాస్త తగ్గుతుంది. "ట్యూబ్‌లెస్ వాల్వు పడవకా బాబూ?" అని షాపాయన నవ్వుతాడు, నవ్వనివ్వండి.

పంపు: మీటరు ఉన్న సైకిల్ పంపు. మీటరు లేకుండా చేత్తో నొక్కి చూసి అంచనా వేసే పని ఇక్కడ కుదరదు.

రేడియో: కనీసం 3 చానళ్ళ 2.4 గిగాహెర్ట్జ్ సెట్టు. చేతిలో ఉండేది ట్రాన్స్‌మిటర్, పడవలో ఉండేది రిసీవర్; ఒక్కో చానల్ ఒక్కో పనిని నడుపుతుంది. ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 లాంటి 6 చానళ్ళ సెట్టు మీ దగ్గర ఉంటే అది చాలు. చుక్కానికి ఎస్‌జీ90 సర్వో (రేడియో చెప్పినంత మేర తిరిగి ఆగే చిన్న మోటారు). వాల్వుకి మాత్రం ఎంజీ996ఆర్ లాంటి మెటల్ గేర్ సర్వో కావాలి. చిన్న సర్వోతో బాల్ వాల్వు తిరగదు, పళ్ళు అరిగిపోతాయి.

బ్యాటరీ: ఛార్జింగ్ పెట్టుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ ఏఏ సెల్స్ 4. రిమోట్లలో వేసే మామూలు సెల్స్ వద్దు. పెద్ద సర్వో బిగుసుకున్నప్పుడు 2 యాంపియర్ల పైన లాగుతుంది. అప్పుడు వోల్టేజీ పడిపోయి రిసీవర్ ఆగిపోతుంది. "నీళ్ళలో సిగ్నల్ పోతోంది" అని నాకు వచ్చే ఫిర్యాదుల్లో సగం నిజానికి బ్యాటరీ కథలే.

ఇంకా 50 ఎంఎం మందం గట్టి ఫోమ్ షీటు లేదా థర్మోకోల్, వెదురు బద్దలు, సైకిల్ పుల్లలు, పాత సైకిల్ ట్యూబు, లాక్ మూత ఉన్న చిన్న టిఫిన్ డబ్బా, అరాల్డైట్. కళ్ళద్దాలు తప్పనిసరి, వెల్డింగ్ షాపుల్లో దొరికే ప్లాస్టిక్‌వి చాలు.

తయారీ

1. ఫోమ్‌తో రెండు దొప్పలు (పడవని తేల్చే అడుగు భాగాలు) కోయండి. ఒకే దొప్ప మీద బాటిల్ పెడితే పడవ పక్కకి ఒరుగుతుంది. అందుకని రెండు సన్నటి దొప్పలు, మధ్యలో ఖాళీ. ఒక్కోటి 70 సెంటీమీటర్ల పొడవు, 7 వెడల్పు, 5 ఎత్తు. రెండింటి మధ్య 14 సెంటీమీటర్లు వదలండి. నీళ్ళతో కలిపి మొత్తం బరువు 1.6 కిలోల దగ్గర ఉంటే పడవ 2 సెంటీమీటర్ల లోపే మునుగుతుంది. ముందు భాగం అడుగుని పైకి వాలుగా చెక్కండి. ఇది అందం కోసం కాదు, ముక్కు నీళ్ళలోకి దూసుకుపోకుండా కాపాడేది అదే. థర్మోకోల్ మీద ఫెవిక్విక్ వేయకండి, కరిగి గుంట పడుతుంది. అరాల్డైట్‌తో ఆ బాధ లేదు.

2. అడ్డపట్టీలు. వెదురు బద్దలు రెండు, ముందొకటి, వెనకొకటి. ముందు బద్ద మీద 7 సెంటీమీటర్ల ఎత్తు దిమ్మె కావాలి, బాటిల్ అడుగు దాని మీద ఆనుతుంది. నేను కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి చెక్క ముక్క వాడాను. చాలా తేలిక, చాకుతో చెక్కొచ్చు. కాకపోతే నీళ్ళు పీలుస్తుంది, రెండు పూతలు ఎనామెల్ వేయాలి. లేకపోతే ఫోమ్ ముక్కలే ఒకదాని మీద ఒకటి అతికించండి.

3. బాటిల్ వాలు. అందరూ తప్పు చేసేది ఇక్కడే. బాటిల్‌ని చదునుగా పడుకోబెడితే మూతి మధ్యలో ఉంటుంది కాబట్టి దానికంటే కింద ఉన్న నీళ్ళు బయటికి రావు. గాలి మాత్రం బుస్సుమని పోతుంది. మూతి వెనక్కి, కిందికి ఉండేలా బాటిల్‌ని 12 డిగ్రీల దాకా వాల్చండి. పైన చెప్పిన 7 సెంటీమీటర్ల దిమ్మె పెడితే దాదాపు ఆ వాలే వస్తుంది.

బాటిల్ వాలిందని నాజిల్ కూడా వాలకూడదు. నాజిల్ కిందికి చూస్తే పడవ వెనక భాగం పైకి లేచి ముక్కు మునుగుతుంది. మూత నుంచి వచ్చే ట్యూబుని 5–6 సెంటీమీటర్ల దూరంలో కొద్దిగా వంచి, వాల్వునీ నాజిల్‌నీ వెనక బద్ద మీద నీటి మట్టానికి సమాంతరంగా బిగించండి. నీటికి 2–3 సెంటీమీటర్ల పైన ఉంటే చాలు. ఇంకా ఎత్తులో పెడితే మళ్ళీ ముక్కు మునగడమే.

4. బాటిల్ ముందుకి జారకుండా దిమ్మె ముందు ఒక అడ్డు కట్టండి. తోపుడంతా బాటిల్ మీదే పడుతుంది. సైకిల్ ట్యూబు కోసి చేసిన రబ్బరు పట్టీలు రెండు, పైన బిగుతుగా. బాటిల్‌కి మాత్రం రంధ్రం చేయకండి, స్క్రూ వేయకండి, వేడి జిగురు పెట్టకండి. ఏం చేసినా మూతకే.

5. వాల్వు, సర్వో. ట్యూబుని కనెక్టర్‌లోకి నెట్టేముందు కొసని బ్లేడుతో నిటారుగా కోయాలి. కత్తెరతో కోస్తే కొస నలిగి కోలగా అవుతుంది, లీకు అక్కడే మొదలవుతుంది. వాల్వు తర్వాత 3 సెంటీమీటర్ల ట్యూబు వదలండి, అదే నాజిల్. వాల్వు హ్యాండిల్ మీద సర్వో హారన్‌ని (సర్వో ఇరుసుకి ఉండే ప్లాస్టిక్ చేతిని) నేరుగా పెట్టి రెండు చిన్న స్క్రూలతో బిగించండి. సర్వో ఇరుసు, వాల్వు ఇరుసు ఒకే గీత మీద ఉండాలి. కాస్త పక్కకి పోయినా సగం తిరిగి బిగుసుకుంటుంది. షాపులో నాలుగైదు వాల్వులు చేత్తో తిప్పి చూసి వదులుగా తిరిగేది తెచ్చుకుంటే సగం పని అయినట్టే.

రేడియోలో ఈ చానల్‌కి ఎండ్ పాయింట్లు, అంటే సర్వో ఎంతదాకా తిరగాలన్న హద్దులు, సరిచేయండి. వాల్వు పూర్తిగా మూసుకున్నాక కూడా సర్వో గుయ్‌మంటుంటే అది ఇంకా తిప్పాలని చూస్తోందన్నమాట. ఆ మోత ఆగేదాకా తగ్గించండి. లేకపోతే పది నిమిషాల్లో బ్యాటరీ ఖాళీ, సర్వో వేడి. రెండు స్థానాల స్విచ్చు కంటే గుండ్రటి నాబ్ ఉన్న చానల్ మంచిది. కొంచెం కొంచెంగా తెరవొచ్చు, మధ్యలో మూయొచ్చు.

6. చుక్కాని. నాజిల్ వెనక మధ్యలో పెట్టకండి, జెట్టు దానికే తగులుతుంది. ఒక్కో దొప్ప వెనక ఒక్కోటి పెట్టి, రెండింటినీ సైకిల్ పుల్లతో కలపండి. 5 సెంటీమీటర్ల లోతు, 3 వెడల్పు. తిరుగుడు రెండు వైపులా 15 డిగ్రీలు దాటకూడదు. జెట్టు నడుస్తుండగా పూర్తి స్టిక్ కొట్టినవాళ్ళు పడవని తిరగేసుకున్నారు, నాతో సహా.

7. రిసీవర్, బ్యాటరీ టిఫిన్ డబ్బాలో. వైర్లు వచ్చే రంధ్రాన్ని సిలికాన్‌తో మూసి ఒక రోజంతా ఆరనివ్వండి. యాంటెన్నా మాత్రం నీటి మట్టానికి వీలైనంత పైన ఉండాలి, 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీళ్ళలోంచి రాదు. డబ్బాని మధ్యకి కాస్త వెనగ్గా పెట్టండి. వెనక భాగంలో ఉన్న నీళ్ళు ఖాళీ అయ్యేకొద్దీ బరువు ముందుకి జరుగుతుంది. ఖాళీ బాటిల్‌తో పడవ సమంగానో, ముక్కు కొద్దిగా పైకో తేలాలి. బకెట్లో పట్టదు, ఇంటి మీద ట్యాంకులోనో బాత్ టబ్‌లోనో చూసుకోండి.

8. ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే ఏం జరగాలన్నది. ట్రాన్స్‌మిటర్ ఆపేస్తే వాల్వు మూసుకోవాలి, చుక్కాని నిటారుగా రావాలి. ఇది సెట్ చేసి, బల్ల మీద నిజంగానే ఆపి చూడండి.

నీళ్ళలోకి దించేముందు పరీక్షలు

మొదటిది నిండు నీటి పరీక్ష. బాటిల్‌ని అంచు దాకా నీళ్ళతో నింపండి, లోపల గాలి బుడగ మిగలకూడదు. ఛార్జింగ్ గొట్టం ఇలా చేసుకోండి: పాత బైకు ట్యూబులోని ఇత్తడి వాల్వుని కోసి, 6 ఎంఎం పెట్రోల్ పైపులో ఒక కొసన దూర్చి క్లిప్పు వేయండి. రెండో కొసని నాజిల్ ట్యూబు మీద తొడిగి మరో క్లిప్పు. వాల్వు తెరిచి 60 పీఎస్‌ఐ దాకా కొట్టండి. నీళ్ళు నొక్కుకోవు కాబట్టి కొద్ది స్ట్రోకులకే ముల్లు లేస్తుంది. బాటిల్ మీద తడి గోనె సంచి కప్పి 5 నిమిషాలు ఉంచండి. బాటిల్‌లో లోపం ఉంటే చీలి నీళ్ళు కారతాయి, అంతే. అదే గాలితో పగిలితే ముక్కలు ఎగురుతాయి. ఈ పరీక్ష దాటని బాటిల్‌కి గాలి కొట్టకండి.

రెండోది లీకు పరీక్ష. మూడో వంతు నీళ్ళు, 30 పీఎస్‌ఐ గాలి, వాల్వు మూసి పది నిమిషాలు ఆగండి. జాయింట్ల మీద సబ్బు నురగ పూయండి. బుడగ వచ్చిన చోటే తప్పు ఉంది. మూతని మరీ గట్టిగా బిగిస్తే లీకు ఆగుతుందనుకుంటారు. మరలు తెగి ఇంకా ఎక్కువ కారుతుంది.

మూడోది తోపుడు కొలవడం. ప్రయాణాల్లో సూట్‌కేసు తూచే డిజిటల్ కొక్కెం తూకం తీసుకుని పడవ వెనకకి కట్టండి, రెండో వైపు స్తంభానికి. వాల్వు తెరిచి, ఫోన్లో స్లో మోషన్ వీడియో తీయండి. 30 పీఎస్‌ఐ దగ్గర 4 ఎంఎం నాజిల్‌కి లెక్క ప్రకారం మొదట 530 గ్రాముల తోపుడు రావాలి. 3 ఎంఎంకి 300 గ్రాములు, 6 ఎంఎంకి 1.2 కిలోలు. వాల్వులోనూ వంపుల్లోనూ కొంత పోతుంది కాబట్టి మీకు తక్కువే వస్తుంది, 350–450 మధ్య వస్తే బాగుంది. 200 కూడా దాటకపోతే వాల్వు పూర్తిగా తెరుచుకోవడం లేదు, లేదా ట్యూబు మడత పడింది. జెట్టు 3–4 సెకన్లు నిలవాలి. సెకనులోనే ఆగి గాలి వస్తుంటే 3వ అంచెకి వెనక్కి వెళ్ళి వాలు చూడండి.

నీళ్ళు ఎక్కువ పోస్తే ఎక్కువ సేపు వస్తుంది కదా అని అందరికీ అనిపిస్తుంది. సగం నింపితే గాలికి చోటు తగ్గి, చివరికి వచ్చేసరికి ఒత్తిడి దాదాపు మిగలదు, నీళ్ళు కుళాయిలా కారతాయి. ఆ బరువంతా మోసినందుకు ఫలితం లేదు. 650–700 మిల్లీలీటర్ల దగ్గర ఉండండి.

ఎక్కడ ఆడించాలి

విజయవాడలో నీళ్ళకి కొదవ లేదు, మనకి పనికొచ్చే నీళ్ళకే కొదవ. బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లో నీళ్ళు వదిలినప్పుడు లాగుడు ఎలా ఉంటుందో తెలిసిందే, పడవ పోతే మళ్ళీ కనపడదు. బ్యారేజీ ఎగువన కృష్ణ నిండుగా ఉన్నప్పుడు లోతు, పైగా పెద్ద పడవలు తిరుగుతాయి. ఘాట్ల దగ్గర స్నానాలు చేసేవాళ్ళుంటారు. ఇవేవీ వద్దు. అనుమతి తీసుకుని ఈతకొలను, లేదా తెలిసినవాళ్ళ చేపల చెరువు, 30–40 మీటర్ల పొడవు, అలలు లేని నీళ్ళు. గుంటూరు వైపు వాళ్ళకి ఊరి చెరువులు ఉన్నాయి కానీ తాగునీటి చెరువుల్లోకి దిగకండి. తెల్లవారే వెళ్ళండి, గాలి తక్కువ, జనం తక్కువ.

మొదటి పది పరుగులకి వెనక బద్దకి 50 మీటర్ల గేలం దారం కట్టండి. ఈ పడవకి మోటారు లేదు. జెట్టు అయిపోయాక ఆగిన చోటే ఆగుతుంది. దాని కోసం చెరువులోకి ఈదబోయే పరిస్థితి తెచ్చుకోకండి. దారాన్ని చుట్టగా కాక గట్టు మీద వంకరలుగా పరవండి, చుట్ట అయితే చిక్కు పడి పడవని మధ్యలో లాగేస్తుంది. అలవాటయ్యాక చిన్న ప్రొపెల్లర్ మోటారు పెట్టుకుంటే దానితో వెళ్ళి, రాకెట్‌తో ఒక పరుగు తీసి, మళ్ళీ మోటారుతో తిరిగి రావచ్చు. నాకైతే అదే అసలు ఆట.

పరుగు

అద్దాలు పెట్టుకోండి. ముందు ట్రాన్స్‌మిటర్, తర్వాత రిసీవర్ ఆన్ చేయండి. నీళ్ళు పోసి మూత బిగించండి. ఛార్జింగ్ గొట్టం తొడిగి, వాల్వు తెరిచి, గాలి కొట్టండి. మొదట 15 పీఎస్‌ఐ, రెండు మూడు పరుగులు బాగుంటే 20, తర్వాత 30. నా హద్దు 40, అది దాటి నేను పోలేదు, మీరూ పోనక్కర్లేదు. వాల్వు మూశాకే గొట్టం తీయండి, చెంచాడు నీళ్ళు చిమ్ముతాయి. పంపు కొట్టేవాడి చేతిలోనే ట్రాన్స్‌మిటర్ ఉండాలి. ఒకడు కొడుతుంటే ఇంకొకడు నాబ్ తిప్పితే ముఖం కడుక్కోవాల్సి వస్తుంది.

పడవని నీళ్ళలో పెట్టి ముక్కు ఖాళీ వైపు తిప్పండి, వెనక ఎవరూ నిలబడకూడదు. నాబ్‌ని అర సెకనులో తిప్పండి, ఒక్క దెబ్బతో కాదు. కదిలాక మొదటి మీటరు దాకా చుక్కాని పని చేయదు, నీళ్ళు దాని పక్కనుంచి పారితేనే పట్టు దొరుకుతుంది. ఆ మీటరులో స్టిక్ కదపకండి. నా పడవ 30 పీఎస్‌ఐతో, జెట్టు ఆగాక జారేదంతా కలిపి, 10–12 మీటర్లు పోతుంది.

ముక్కు మునిగితే డబ్బా 2 సెంటీమీటర్లు వెనక్కి జరపండి. అయినా మునిగితే నాజిల్ ఎత్తు తగ్గించండి. ఎప్పుడూ ఒకే వైపు లాగుతుంటే చుక్కాని ట్రిమ్ (రేడియోలో చుక్కాని నడిమి స్థానాన్ని సరిచేసేది) ముట్టుకోకముందు పైనుంచి ఫోటో తీసి నాజిల్ దొప్పలకి సమాంతరంగా ఉందో లేదో చూడండి, పదిలో ఎనిమిదిసార్లు తప్పు అక్కడే. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది పుస్తకంలో రాయండి: పీఎస్‌ఐ, నీళ్ళు, సెకన్లు, ఎన్ని అడుగులు పోయింది.

పరుగు అయ్యాక వాల్వు తెరిచి, మిగిలిన గాలి పోయిందని చెవితో విన్నాకే మూత తిప్పండి. ఒత్తిడి ఉండగా మూత విప్పితే అది తూటాలా వస్తుంది. గాలి కొట్టిన బాటిల్‌ని ఎండలో వదిలేసి టీకి వెళ్ళొద్దు. మే నెలలో స్కూటీ డిక్కీలో ఖాళీ బాటిల్ పెట్టినా మెత్తబడి ఆకారం మారొచ్చు, తర్వాత దాన్ని నమ్మలేం. బాటిల్ మీద తెల్లటి మడత గీత కనపడినా, గట్టు రాళ్ళకి గీసుకుపోయినా పారేయండి. ఏ గీతా లేకపోయినా నేను 20 సార్లు కొట్టాక మారుస్తాను. కొత్త బాటిల్‌కి మళ్ళీ నిండు నీటి పరీక్ష మొదటి నుంచి.